ఆరని ఎర్రలైటు

మండపేట టాక్సీ స్టాండులో ఒక కట్టుబాటు ఉంది. అది ఎవరూ కాగితం మీద రాసుకున్నది కాదు. బండి గుద్దినవాణ్ణి నాలుగు తిట్టి మర్నాడే మళ్లీ స్టీరింగు ముందు కూర్చోబెడతారు. తాగి దొరికినవాణ్ణి పదిరోజులు పక్కన పెట్టి, పెళ్లాం వచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంటే పోనీలే అంటారు. ఇంజను కాల్చాడన్న పేరు పడినవాడికి మాత్రం ఇటు రామచంద్రపురం మొదలు అటు ద్వారపూడి దాకా ఏ షావుకారూ బండి తాళం చేతికివ్వడు. మనిషి ఎంత మంచివాడైనా సరే, ఆపైన సైకిలు తొక్కుకోవలసిందే.

మాఘమాసంలో ఒక మంగళవారంనాడు ఆ పేరు లాజరుకి పడింది.

పొద్దున పదిగంటల వేళ లాజరు, మిగతా తొమ్మిదిమంది డ్రైవర్లు కానుగచెట్టు నీడన టీ తాగుతున్నారు. కిరాణా కొట్టు జోగేశ్వరరావుగారు గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని నడిచి వచ్చాడు. ఆయనకి కొట్టు కాక ఒక టాక్సీ ఉంది. పసుపు టాపు వేసిన పాత నల్ల అంబాసిడర్. ఆరేళ్లుగా దాన్ని నడుపుతున్నది లాజరే. ఆయన స్టాండుకి ఎప్పుడూ రాడు, ఏ మాట చెప్పాలన్నా కొట్టు దగ్గరికే పిలిపిస్తాడు. అందుకని ఆయన్ని చూడగానే అందరూ గ్లాసులు కింద పెట్టి లేచారు.

"తాళం ఇలా ఇయ్యి లాజరూ" అన్నాడు.

లాజరు ఇచ్చాడు.

"ఎర్రలైటు వెలుగుతుంటే అరవై కిలోమీటర్లు తోలావు. ఇంజను కాలిపోయింది. మెకానిక్కు అబ్బులు విని చెప్పాడు, బేరింగులు పోయాయిట."

ఆయన గొంతు పెంచలేదు. పప్పులో రాళ్లున్నాయని చెప్పినట్టు చెప్పాడు. తొమ్మిదిమందిలో ఒక్కరూ లాజరు మొహంలోకి చూడలేదు. నిన్నటిదాకా ఒకే బీడీకట్ట పంచుకున్నవాళ్లు నేల చూపులు చూస్తూ నిలబడ్డారు. వాళ్లని తప్పుపట్టి లాభం లేదు. అది అంటురోగం లాంటి పేరు.

జరిగింది లాజరు దాచలేదు. అదే అతను చేసిన పొరపాటని మర్నాడు స్టాండులో కొందరు అన్నారు కూడా. ఆదివారం జంగారెడ్డిగూడెం నుంచి ఆయాసంతో ఎగపీలుస్తున్న ఒక ముసలాయన్ని, ఆయన కొడుకుని ఎక్కించుకుని రాజమండ్రి ఆసుపత్రికి బయల్దేరాడు. దేవరపల్లి దాటాక ఒక గోతిలో బండి ఎగిరి పడింది. డాష్‌బోర్డు మీద ఎర్రలైటు మిణుకుమంది. ఇంకో గోతిలో గట్టిగా వెలిగి, ఇక ఆరలేదు. అది ఇంజన్లో ఆయిలు తిరగడం మానేస్తే వెలిగే లైటు. దాన్ని చూశాక బండి తోలడమంటే గుండె ఆగిన మనిషిని పరుగెత్తించడమే. లాజరు ఆపాడు. బానెట్టెత్తి ఆయిలు కొలిచే ఊచ తీసి చూస్తే ఆయిలు నిండుగా ఉంది. కింద చుక్క కారలేదు. చప్పుడులో తేడా కనిపించలేదు. వెనక సీట్లో ముసలాయన పెదాలు నీలంగా మారుతున్నాయి. కొడుకు దండం పెట్టాడు. ఆ రోడ్డు మీద ఇంకో బండి వచ్చే ఆశ లేదు. దేవుడి మీద భారం వేసి నిమ్మళంగా తోలుకొచ్చాడు. ముసలాయన బతికాడు. సాయంత్రం లాజరు అదే నిమ్మళంతో మండపేట చేరి, నేరుగా కొట్టు ముందు బండి ఆపి, జరిగింది జరిగినట్టు షావుకారుతో చెప్పాడు.

చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? చెప్పాడు కనక జోగేశ్వరరావుగారు సోమవారం మెకానిక్కు అబ్బుల్ని పిలిపించాడు. లైటు వెలుగుతుండగా అరవై కిలోమీటర్లు తోలారన్న మాట ముందే చెవిన పడ్డాక అబ్బులుకి ఇంజన్లో ఏ చప్పుడు వినపడినా బేరింగు చప్పుడే అయింది.

"షావుకారుగారూ, ఒక్క మనవి" అన్నాడు లాజరు. "ఇంజను విప్పేముందు రాజమండ్రి భీమరాజుగారికి చూపించండి. గోదావరి జిల్లాల్లో ఇంజన్ల సంగతిలో ఆయన మాటకి తిరుగులేదంటారు. ఆయన కూడా కాలిందంటే నా లైసెన్సు మీ చేతిలో పెట్టి వెళ్లిపోతానండి."

ఒకసారి ఇంజను విప్పితే అది మునుపటిలా కూడుకోదని షావుకారుకీ తెలుసు. సరేనన్నాడు. అయితే లైసెన్సు ఇప్పుడే ఇవ్వమన్నాడు. లాజరు చొక్కా జేబులోంచి తీసి, తొమ్మిదిమంది చూస్తుండగా ఇచ్చాడు.

*

ఆ రోజు ఇంట్లో భార్య ప్రసన్నకుమారి ఒకే ఒక్క ప్రశ్న వేసింది. ఇంజను నిజంగా కాలిందా అని. లాజరు చెవి మాట నమ్మాడు, ఊచ మాట నమ్మాడు, లైటు మాట నమ్మలేదు. ఆ మూడింట్లో ఏది నిజం చెప్పిందో ఎలా తెలుస్తుంది? ఆరేళ్లపాటు పొద్దునే తుడిచి, నీళ్లు పోసి, పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకున్న ఇంజన్ని తన చేతులతోనే చంపేశాడేమోనన్న భయం అతన్ని తినేస్తోంది. అన్యాయం జరిగిందని కోపం తెచ్చుకోవడానికి కూడా ముందు తను తప్పు చేయలేదని తేలాలి కదా. ఆ పాటి ధైర్యం కూడా లేకపోయింది పాపం.

బుధవారం పొద్దున రైసుమిల్లు లారీ వెనక తాడు కట్టి అంబాసిడర్ని ఈడ్చుకెళ్లారు. షావుకారు అప్పటికి మాత్రం తాళం ఇచ్చాడు, స్టీరింగు ముందు లాజరు కూర్చున్నాడు. ఇంజను ఆడని బండిలో కూర్చుంటే లోకంలో ఉన్న చప్పుళ్లన్నీ వినపడతాయని అతనికి ఆ రోజే తెలిసింది. కాలవలో నీళ్ల చప్పుడు, గట్టు మీద బాతుల గోల, తాడు బిగిసినప్పుడల్లా బంపరు మూలిగే మూలుగు. ద్వారపూడిలో తెలిసిన డ్రైవరు ఒకడు ఎదురై, ఏంటని సైగ చేశాడు. లాజరు చూడనట్టు ముందుకి చూశాడు.

భీమరాజుగారి షెడ్డు గోదావరి గట్టుకి ఆనుకుని ఉంటుంది. తాటాకు పాక, మూడు బళ్లు పట్టే చోటు. ఒక పక్క కలప కంట్రాక్టరు జీపు బానెట్టు తెరుచుకుని ఉంది. రాజుగారికి అరవై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, ఖాకీ నిక్కరు, పైన బనీను, చేతులు మాత్రం మోచేతుల దాకా శుభ్రంగా ఉన్నాయి. ఆయన గురించి లాజరు విన్న కథలకి లెక్కలేదు. ఇరవయ్యేళ్లు భద్రాచలం వెళ్లే లాంచీల మీద ఇంజను చూశాడట. రోడ్డు మీద పోయే లారీ ఏ సిలిండరు కొట్టడం లేదో చెప్పేస్తాడట.

లాజరు వెనకనుంచి నమస్కారం చేసి, సంగతంతా చెప్పుకున్నాడు. ఆయన తల తిప్పలేదు. ఏదో బోల్టు బిగించుకుంటూనే ఉన్నాడు. గొప్పవాళ్లకి ఆ మాత్రం బిగువు ఉంటుందిలే అని లాజరు సర్దుకుని, ఇంకోసారి మొదటినుంచి చెప్పాడు. అప్పుడూ అంతే. మూడోసారి చెబుదామనుకుంటుండగా లారీ డ్రైవరు తాడు విప్పుకుని, వెళ్లొస్తానన్నట్టు పెద్దగా హారన్ కొట్టాడు. గట్టు మీద కాకులన్నీ లేచాయి. లాజరు అదిరిపడ్డాడు. రాజుగారి భుజం కూడా కదల్లేదు.

చెవులతో ఇంజన్లని బాగుచేస్తాడని గోదావరికి రెండువైపులా పేరుమోసిన మనిషికి చెవులే లేవు. లాజరు తన బతుకు, పేరు, లైసెన్సు తెచ్చి ఈయన ముందు పెట్టాడు.

రాజుగారు తిరిగి చూశాడు. లాజరు మొహం చూడగానే ఆయనకి అర్థమైంది. ఆ మొహం ఆయన చాలాసార్లు చూసినట్టే ఉంది.

"నా ఎదరకొచ్చి చెప్పు నాయనా" అన్నాడు మెల్లగా. ఆయన గొంతు చాలా చిన్నది. "పెదాలు చూసి తెలుసుకుంటాను. లాంచీ పంకాలకి వలలు చుట్టుకునేవి. మునిగి తీసేవాళ్లం. అలా మునిగి మునిగి చెవులు కారాయి. పదేళ్లయింది."

లాజరు ఎదర నిలబడి మూడోసారి చెప్పాడు.

*

అంతా విన్నాక రాజుగారు గోడకి వేలాడుతున్న ఒక ఇనుప కడ్డీ తీశాడు. మూరెడు పొడవు, ఒక కొనకి టేకు పిడి. పిడి నిండా పళ్ల గాట్లు ఉన్నాయి. లాజరుని బండి స్టార్టు చేయమన్నాడు. అబ్బులు మాట విన్నాక ఆ తాళం తిప్పడానికి లాజరుకి చెయ్యి రాలేదు. రెండు నిమిషాలకే కాలిపోదులే అని రాజుగారు వీపు మీద తట్టాడు.

ఇంజను అందుకుంది. ఎర్రలైటు అలాగే వెలుగుతోంది. రాజుగారు కడ్డీ మొనని ఇంజను పక్కగా, కింది భాగానికి ఆనించి, టేకు పిడిని పళ్ల మధ్య పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఎడంచేత్తో గాలిలో సైగ చేశాడు, పెంచమని, తగ్గించమని. మొన ఒక జానెడు జరిపాడు, మళ్లీ కరిచాడు. ఇంకో జానెడు. గుడిలో హారతి కళ్లకద్దుకునే మనిషి మొహంలా ఉంది ఆ మొహం. లాజరు యాక్సిలరేటరు మీద కాలు ఉంచి చూశాడు.

రాజుగారు ఆపమని సైగ చేసి, లాజరు చెయ్యి పట్టుకుని జీపు దగ్గరికి తీసుకెళ్లాడు. దాన్ని స్టార్టు చేసి, కడ్డీ మొన ఆనించి, పిడి లాజరుకి చూపించాడు. కరవమని. లాజరు ముందు సంశయించాడు. పెద్దాయన నోట్లో పెట్టుకున్నది. తరవాత కరిచాడు.

దెబ్బ పంటికి తగిలింది. దుబ్, దుబ్, దుబ్ అని లోపల ఎవరో సుత్తితో కొడుతున్నారు. ఆ అదురు దవడల్లోంచి తలకెక్కింది. లాజరు రెండు చెవులూ మూసుకుని మళ్లీ కరిచాడు. చెవులు మూసుకుంటే ఇంకా బాగా వినపడింది.

"అదీ బేరింగు పోవడమంటే" అన్నాడు రాజుగారు. "దేవుడు వాకిలి మూశాడు గాని, గోడ వెనకనుంచి వినడం నేర్పాడు. పద, ఇప్పుడు నీ బండి విను."

అంబాసిడర్ దగ్గర లాజరు కడ్డీ కరిచాడు. ఆరేళ్లుగా ఆ ఇంజను ముందు కూర్చున్నాడు. దాని దగ్గు, తుమ్ము, అలక అన్నీ తనకి తెలుసనుకున్నాడు. ఏమీ తెలియదని అప్పుడు తెలిసింది. పైన వాల్వులు కుట్టుమిషనులా టకటకా ఆడుతున్నాయి. అబ్బులు విన్నది ఆ టకటకే అయి ఉంటుంది. దాని కింద, చాలా లోతున, ఒక నిండైన హోరు. గోదావరికి వరద వచ్చినప్పుడు గట్టు మీద పడుకుంటే నేలలోంచి వినపడే హోరు అలాగే ఉంటుంది. ఎక్కడా దెబ్బ లేదు, తొట్రుపాటు లేదు. మనుషులు చేసిన ఇనపముక్కల్లో ఇంత ఉందా అని లాజరు ఒళ్లు జలదరించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"చావలేదండి" అన్నాడు, ఎదురుగా నిలబడి, పెదాలు స్పష్టంగా కదుపుతూ. "ఇది చావలేదండి."

రాజుగారు నవ్వాడు. కానీ ఆయన ఒక్క సాక్ష్యంతో ఊరుకునే మనిషి కాదు. పెట్టెలోంచి గుడ్డలో చుట్టిన ఒక ఇత్తడి గేజి తీశాడు. మునిగిపోయిన ఒక లాంచీ నుంచి ఆయనకి మిగిలిన వస్తువు అదొక్కటే. అద్దం పగిలింది గాని ముల్లు నిజం చెబుతుందన్నాడు. ఇంజను పక్కన ఎర్రలైటుకి కబురందించే చిన్న స్విచ్చి ఉంటుంది, బొటనవేలంత. దాన్ని ఊడదీసి, ఆ రంధ్రంలో గేజి గొట్టం బిగించి, బండి స్టార్టు చేయించాడు. ముల్లు వణికి, లేచి, యాభై దగ్గర నిలిచింది. పావుగంట ఆడించాక, ఇంజను బాగా వేడెక్కాక కూడా అది ఇరవై కిందికి దిగలేదు. ఆయిలు నిక్షేపంలా తిరుగుతోంది.

మరి లైటు ఎందుకు వెలుగుతోంది? లాజరు స్విచ్చి పోయిందన్నాడు. రాజుగారు తల అడ్డంగా ఊపి, స్విచ్చి నుంచి ఊడదీసిన తీగ కొనని చూపించాడు. అది దేనికీ తగలకుండా గాలిలో వేలాడుతోంది. కబురు చెప్పేవాడే లేడు. లైటు మాత్రం నిప్పుకణికలా వెలుగుతూనే ఉంది.

లాజరు నోరు తెరుచుకుని ఆ తీగని, ఆ లైటుని మార్చి మార్చి చూశాడు.

"స్విచ్చి చెబుతున్న అబద్ధం కాదిది" అన్నాడు రాజుగారు. "దారిలో ఎవరో తీగని పట్టుకున్నారు."

ఆపైన ఆయన వేళ్లతో వెతకడం మొదలుపెట్టాడు. ఇంజను దగ్గర తీగని పట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతూ, అంగుళం అంగుళం జరిగాడు. ఇంజనుకీ సీట్లకీ మధ్య ఉన్న రేకుగోడలోంచి ఆ తీగ బండి లోపలికి వెళ్లింది. డాష్‌బోర్డు వెనక తల దూర్చి వెల్లకిలా పడుకున్నాడు. చాలాసేపటికి ఆ వేళ్లు ఒకచోట ఆగాయి. పైకి లేచి, డాష్‌బోర్డు ముందువైపు సరిగ్గా ఆ చోటే ఉన్న రాగిరేకు మీద వేలు పెట్టబోయాడు.

"దాన్ని ముట్టుకోకండి" అన్నాడు లాజరు గబుక్కున. అని, ఆయనకి వినపడదని గుర్తొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

అది అన్నవరం సత్యనారాయణస్వామి బొమ్మ చెక్కిన రేకు. మూడువారాల కిందట షావుకారు తల్లి కొండ మీద కొని, పూజ చేయించింది. తీగలెక్కడున్నాయో తనకి తెలుసు, తను బిగిస్తానని లాజరు చెయ్యి చాచాడు. నువ్వు ముట్టుకోకు బాబూ, అది మడితో పెట్టేది అందావిడ. జోగేశ్వరరావుగారు కొండ కింద స్నానం చేసి, తడిబట్టతో, తన చేతులతోనే నాలుగు మరలూ బిగించాడు. పుట్టి బుద్ధెరిగి ఆయన స్క్రూడ్రైవరు పట్టుకోవడం అదే మొదలు. నాలుగో మర పొడుగెక్కువైంది. అడ్డం వచ్చినదేదో లోపల కసుక్కుమన్నా, బలంకొద్దీ తిప్పేశాడు. గతుకుల్లో అది ఊగి ఊగి, తీగ మీద తొడుగు కోసుకుపోయి, ఆ ఆదివారం తీగలోని రాగి ఆ ఇనపమరని ముద్దుపెట్టుకుంది, లైటు వెలిగింది.

లాజరుకి సంతోషం రావాలి. రాలేదు, భయం వేసింది. ఈ మాట తను వెళ్లి చెబితే ఏమవుతుంది? లూథరన్ గుడికి వెళ్లేవాడు స్వామి రేకు మీద తప్పు తోశాడంటారు. ఇంజను కాల్చిన పాపానికి ఇదొకటి తోడవుతుంది. గుట్టుచప్పుడు కాకుండా మర తీసేసి, లైటు ఆరిపోయిందని బండి తీసుకెళితే పోలేదా? అదే అడిగాడు.

రాజుగారు ఒప్పుకోలేదు. రోగం రోగి మనుషులకి చూపించకుండా తీయడం ఆ షెడ్డులో లేదు. షెడ్డు గోడకి ఆనించిన పాత సామానంతా అలా యజమానులు తమ కళ్లతో చూసి వదిలేసినదే.

"నువ్వు తీసేస్తే లైటు ఆరుతుంది నాయనా. నీ మీద పడ్డ పేరు ఆరదు. ఆయన్ని రమ్మను."

లాజరు పోస్టాఫీసుకి వెళ్లి, కొట్టుకి ట్రంకాల్ చేసి, రాజుగారు రమ్మంటున్నారని మాత్రం చెప్పాడు.

*

గురువారం పొద్దున మొదటి బస్సుకే జోగేశ్వరరావుగారు దిగాడు. తెల్లటి పంచె, కండువా, చంకలో గొడుగు. మసి తగలకుండా పంచె కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని షెడ్డులో అడుగుపెట్టాడు. రాజుగారు ఆయన్ని ముందు సీట్లో కూర్చోమన్నాడు. స్విచ్చి తీగ ఇంకా విడిగానే వేలాడుతోంది. తాళం తిప్పమన్నాడు. లైటు వెలిగింది.

రాజుగారు స్క్రూడ్రైవరు తుడిచి ఆయన చేతికిచ్చాడు. "మీ స్వామిని మేం ముట్టుకోకూడదు గదండీ. కుడిచేతి పక్క కింది మర, మీరే విప్పండి."

జోగేశ్వరరావుగారు అయోమయంగా లాజరు వైపు చూశాడు. లాజరు తల వంచుకున్నాడు. ఆయన మర తిప్పాడు. రెండు చుట్లకి లైటు ఆరిపోయింది. ఆయన చెయ్యి ఆగింది. వెనక్కి బిగించాడు. లైటు వెలిగింది. విప్పాడు, ఆరింది. ముచ్చటగా మూడోసారి కూడా చేశాడు. ఆ మర ఎవరు బిగించారని రాజుగారు అడగలేదు, లాజరు చెప్పలేదు. అక్కడున్న ముగ్గురిలో ఇద్దరికి తెలుసు, మూడోవాడు ఊహించగలడు. షావుకారు చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అయితే తప్పు తేలగానే ఒప్పుకునే గుణం ఉంటే మనుషుల్లో సగం తగాదాలు ఉండవు. ఆయన బండి దిగి, రాజుగారి వీపు వెనక నిలబడి, లైటు సంగతి సరే, మరి అబ్బులు విన్న బేరింగు చప్పుడు మాటేంటని అడిగాడు. జవాబు రాలేదు. మళ్లీ అడిగాడు. రాజుగారు గేజిని గుడ్డలో చుట్టుకుంటున్నాడు. షావుకారు కళ్లు చిన్నవయ్యాయి.

"లాజరూ, ఈయనకి చెవులు వినపడవా?"

అబద్ధం ఆడడానికి అంతకంటే మంచి అదను ఉండదు. ఏదో పనిలో ఉన్నారండి అంటే సరిపోయేది. లాజరు ఒక్క క్షణం నది వైపు చూశాడు.

"వినపడవండి" అన్నాడు.

"చెవిటాయన దగ్గరికా నా ఇంజను తెచ్చావు? ఈయన వింటే నేను నమ్మాలా?"

ఈసారి రాజుగారు తిరిగి ఉన్నాడు. ఆ పెదాల మీది మాట చూశాడు. మొహంలో ఏమీ మారలేదు. గోడ మీది కడ్డీ తీసి, జీపు స్టార్టు చేసి, తను ఒకసారి కరిచి చోటు చూసుకుని, దాన్ని షావుకారు ముందు చాచాడు. "నన్ను నమ్మకండి. మీరే వినండి."

జోగేశ్వరరావుగారు పిడి మీది పళ్లగాట్లు చూసి, తడి చూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు. బయట మంచినీళ్లు కూడా పుచ్చుకోని మనిషి. లాజరు గబగబా కడ్డీ అందుకుని, కుళాయి దగ్గర బూడిదతో తోమి, కడిగి తెచ్చాడు. అప్పటికీ ఆయన పిడికి కండువా చెంగు రెండు మడతలు చుట్టి, ముని పళ్లతో పట్టుకున్నాడు. ఏమీ వినపడలేదన్నాడు. గుడ్డ ఉంటే వినపడదండి అన్నాడు రాజుగారు. ఆయన గట్టు వైపు ఒకసారి చూసుకున్నాడు, తెలిసినవాళ్లెవరైనా ఉన్నారేమోనని. కండువా తీసి కరిచాడు.

మరుక్షణం తల వెనక్కి లాక్కున్నాడు. దవడ పట్టుకుని జీపు వంక చూశాడు. మళ్లీ తనంత తానే వంగి కరిచాడు. అదీ పోయిన బేరింగని రాజుగారు చెబుతుంటే, కొత్తగా బడిలో వేసిన పిల్లవాడిలా తల ఊపాడు.

జీపు ఆపి, అంబాసిడర్ స్టార్టు చేశారు. రాజుగారు కడ్డీ ఆనించి, కరిచి చోటు చూశాడు. పిడి లాజరుకి అందించి, ఇక్కడేనా అన్నట్టు కనుబొమలెగరేశాడు. లాజరు కరిచి, విని, ఇక్కడేనని తలూపాడు. అప్పుడు షావుకారు సంగతి గుర్తొచ్చి కడ్డీ పట్టుకుని కుళాయి వైపు నడిచాడు.

"ఎక్కడికి?"

"ఎంగిలండి. కడిగి తెస్తాను."

జోగేశ్వరరావుగారు చెయ్యి చాచి ఉన్నాడు. ఆయన కళ్లు ఇంజను మీద ఉన్నాయి. "తే" అన్నాడు.

లాజరు ఇచ్చాడు. ఆయన ఇనుప మొనని లాజరు చూపించిన చోటే ఆనించి, అలాగే ఆ పిడిని కరిచాడు.

పళ్ల కింద ఏదో దొరికినట్టు ఆయన కదలకుండా అయిపోయాడు. పంచె కుచ్చిళ్లు చేతిలోంచి జారి, ఆయిలు మడుగులో పడ్డాయి. చూసుకోలేదు. కళ్లు మెల్లగా పెద్దవయ్యాయి, తరవాత వాటంతట అవే మూతపడ్డాయి. పదకొండేళ్లుగా ఆ బండి ఆయనది. ఆ పొద్దున దాకా దాని వెనక సీట్లో తప్ప ఎక్కడా కూర్చోలేదు. దాని లోపల ఇంత లోకం తిరుగుతోందని ఆయనకి ఎవరు చెప్పారు? లాజరు ఆ మొహం చూశాడు. నిన్న తన మొహం కూడా ఇలాగే ఉండి ఉంటుందనిపించి, ఆయన మీదున్న కోపం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకుండా పోయింది. రాజుగారు దూరంగా జరిగి నిలబడ్డాడు.

ఇంక చాలేమోనని లాజరు తాళం వైపు వంగాడు. పిడి పళ్ల మధ్యే ఉండగా షావుకారు చెయ్యెత్తి, ఆపకన్నట్టు ఊపాడు. ఇంకా చాలాసేపు విన్నాడు.

చివరికి కడ్డీ తీశాడు. పిడి మీద తన నోటి తడి చూసుకున్నాడు. తెల్లటి కండువా చెంగుతో పిడిని ఒకసారి తుడిచాడు. సరిగా పోలేదనుకున్నాడేమో, ఇంకోసారి, గాట్ల సందుల్లో కూడా ఒత్తి తుడిచాడు. అప్పుడు లాజరు చేతికిచ్చాడు.

చొక్కా లోపలి జేబులోంచి లైసెన్సు తీసి, అదీ ఇచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. గడియారం చూసుకున్నాడు.

"తొందరగా పోనీ లాజరూ" అన్నాడు. "స్టాండులో వాళ్లు భోజనాలకి లేచిపోకముందే చేరాలి. తొమ్మిదిమందీ ఉండాలి."